చర్చి కాగితంలో నేను వేయించిన పేరు

లునెట్ ఫోను చేసేసరికి నేను వంటింట్లో నిలబడే ఉన్నాను. ఆ మూడు వారాలూ నాకు కూర్చోవడం చేతకాలేదు. బఠాణీలు ఒలవడం మొదలుపెట్టి సగంలో లేచిపోయేదాన్ని. వాకిట్లోకి వెళ్లి వీధి చివరిదాకా చూసి వచ్చేదాన్ని. మొన్న ఉతికిన కర్టెన్లే ఇవాళ మళ్లీ ఉతికేదాన్ని. నా కూతురు రొషెల్ చూసి చూసి, "అమ్మా, ఆ గుడ్డలు నీకేం అపకారం చేశాయి?" అని అడిగింది.

ఇదంతా రొషెల్ కూతురు తమియా గురించి. ఆ ఏడు దాని హైస్కూలు అయిపోతోంది. కాలేజీలు రమ్మని ఉత్తరాలు రాశాయి. మే నెల ఒకటో తారీకు లోగా ఏదో ఒకదానికి వస్తానని చెప్పి తల్లితో కలిసి సంతకం పెట్టాలి. ఆ తారీకు బుధవారం పడింది. ఉత్తరాలు రాసినవాటిలో అప్పటికి నాకు తెలిసినవి రెండే. ఒకటి మా జార్జియా రాష్ట్రంలోకెల్లా పెద్ద యూనివర్సిటీ. దాని ఆటల మైదానంలో మా హార్లో ఊరిని తీసుకెళ్లి పెడితే ఇంకా చోటు మిగులుతుంది. రెండోది మా ఊళ్లోనే ఉన్న టాలివర్ కాలేజి. నల్లపిల్లలకి ఇంకే కాలేజీ గుమ్మం తెరవని రోజుల్లో మా ముత్తాతల కాలం వాళ్లు పైన్ దుంగలు మోసి కట్టుకున్నది.

నేను ఆరో తరగతి దాటలేదు. మా అమ్మ మంచాన పడితే తమ్ముళ్లకి వండిపెట్టడానికి ఇంట్లో ఉండిపోయాను. ఆ వంటే నన్ను టాలివర్‌కి తీసుకెళ్లింది. ముప్ఫై ఒక్క ఏళ్లు అక్కడి వంటశాలలో పనిచేశాను. చదువు సంగతి నాకు తెలియదు గాని, పిల్లల సంగతి తెలుసు. ఆగస్టులో ట్రే పట్టుకుని తల దించుకుని వచ్చేవాళ్లు. కొందరు బడిలో తామొక్కరే నల్లవాళ్లయిన గదుల్లో పన్నెండేళ్లు కూర్చుని వచ్చినవాళ్లు. చికెన్ ముక్క ఇంకోటి కావాలని అడగడానికి కూడా చుట్టూ చూసుకునేవాళ్లు. క్రిస్మస్ వచ్చేసరికి, "మిస్ ఎర్లీన్, ఈ గ్రేవీలో ఉప్పేది?" అని నా మీదకే వచ్చేవాళ్లు. అలా మీదకొచ్చినప్పుడల్లా నాకు లోపల సంతోషంగా ఉండేది. నోటితో మాత్రం, "ఉప్పు మీ అమ్మని అడుగు పో" అనేదాన్ని.

రొషెల్ ఆ వంటశాల వెనక గుమ్మంలోనే పెరిగింది. అక్కడే చదివింది, క్లాసులో రెండోదిగా వచ్చింది. అట్లాంటాలో పెద్ద బీమా కంపెనీలో ఉద్యోగం దొరికింది. మొదటిరోజు పై అధికారి దాని కాగితం చూసి, "టాలివరా? అది నిజం కాలేజేనా, లేక ఆదివారం బడిలాంటిదా?" అన్నాడట. గదిలో అందరూ నవ్వారట. పన్నెండేళ్లు చేసింది అక్కడ. దాని దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ముగ్గురు దానికే పై అధికారులయ్యారు. చివరికి అన్నీ సర్దుకుని మా ఊరు వచ్చేసి కౌంటీ ఆఫీసులో చేరింది. అప్పటినుంచి టాలివర్ స్వెట్టరు బయటికి తీయలేదు. పాత విద్యార్థుల పండుగకి పిలిస్తే తలనొప్పి అనేది.

"చదువు మంచిదేనమ్మా," అనేది. "ఆ గేటు లోపల మనం రాణులం. గేటు దాటాక ఎవడికీ పట్టదు. నా పిల్లని చూసి ఎవడూ అదెక్కడుంది అని అడక్కూడదు."

తమియా తండ్రి డారెల్ జాక్సన్‌విల్‌లో వేరే ఉంటాడు. అడిగితే, "దాని ఇష్టం, మీ ఇష్టం" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, అందరి పక్షమూ ఉంటాడు.

తమియా మాత్రం నోరు విప్పలేదు. ఉత్తరాలు వచ్చిన దగ్గర్నుంచి ఒక్క మాట లేదు. తినేది, బడికి వెళ్లేది, శనివారాలు పశువుల డాక్టరు దగ్గర సాయానికి వెళ్లి గడ్డి వాసనతో తిరిగొచ్చేది. "ఏం అనుకున్నావే?" అంటే, "అనుకుంటున్నా అమ్మమ్మా" అనేది. దాని గదిలో ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తుంటే కింద నాకు చప్పుడు వినపడేది. అది పైన నడిచేది, నేను కింద నడిచేదాన్ని, రొషెల్ కారేసుకుని ఊరంతా తిరిగేది. ముగ్గురం ఒక్కచోట కూర్చుంటే ఎక్కడ ఆ మాట వస్తుందోనని భయం.

ఇక లునెట్ ఫోను. మా చర్చిలో ఏప్రిల్ ఆఖరి ఆదివారం హైస్కూలు ముగించే పిల్లలది. చర్చి ఆరాధన కాగితంలో ఒక పేజీ వాళ్లకే. పేరు, తల్లిదండ్రులు, ఏ కాలేజీకి వెళ్తున్నారో అన్నీ అచ్చువేస్తారు. పిల్లలు గౌన్లు, టోపీలు వేసుకుని ఒక్కొక్కరే లేచి ఆ పేరు చర్చి మొత్తానికి చెప్పాలి. చెప్పారంటే అయిపోయినట్టే. చర్చిలోని వయసుమళ్లిన పెద్దమ్మలు ఆ కాలేజీ రంగులో దుప్పట్లు కుట్టడం మొదలుపెడతారు. ఆ ఊళ్లో మనవాళ్లెవరున్నారో వెతికి ఫోన్లు చేస్తారు. బుధవారం ప్రార్థనలో ఆ కాలేజీ పేరుతో సహా పిల్ల పేరు చదువుతారు. మా చర్చిలో నిలబడి చెప్పిన మాట ఎవరూ వెనక్కి తీసుకున్నది నేను చూడలేదు.

ఆ కాగితం పని సిస్టర్ లునెట్‌ది. మేమిద్దరం చిన్నప్పటినుంచి ఒకే బెంచి.

"ఎర్లీన్, అందరివీ వచ్చాయి, మీ పిల్లదే ఖాళీ," అంది. "రొషెల్‌ని అడిగితే తను చెప్పేదాకా ఏమీ వేయొద్దంది. శనివారం అచ్చుకివ్వాలి. నన్నేం చెయ్యమంటావ్?"

"ఖాళీగా వదిలేస్తే ఎలా ఉంటుంది?"

"పళ్లూడిన నోరులా ఉంటుంది."

నేను కిటికీలోంచి వీధి చూశాను. రొషెల్ కారు లేదు. తమియా బడిలో ఉంది. నా చేతులు ఊరుకోవడం లేదు, ఫోను తీగ చుట్టుకుంటున్నాయి. పిల్ల మాట్లాడకపోవడం అంటే తల్లికి భయపడటమే అని నాకు నేనే తీర్మానించుకున్నాను. నేను ముందు అడుగు వేస్తే దానికి దారి దొరుకుతుంది అనుకున్నాను. దేవుడి ఇంట్లో అచ్చయిపోయాక రొషెల్ మాత్రం ఏమంటుందిలే అనుకున్నాను.

"టాలివర్ అని వేసెయ్," అన్నాను.

"పిల్ల చెప్పిందా?"

"నేను చెప్తున్నాగా."

"నీ పేరు నేను చెప్పనులే," అని లునెట్ ఫోను పెట్టేసింది. ఆ మాటతోనే నేను చేసింది తప్పని నాకు తెలిసి ఉండాలి. వెంటనే మళ్లీ ఫోను చేసి తీసెయ్యమనొచ్చు. చెయ్యలేదు. బుధ, గురు, శుక్ర, శని నాలుగు రోజులూ చెయ్యలేదు. ఫోను దగ్గరికి వెళ్లి తిరిగొచ్చాను.

ఆదివారం ఉదయం నాకు టోపీకి సూది గుచ్చుకోవడం కూడా కుదరలేదు. రొషెలే వచ్చి పెట్టింది. "ఏళ్లుగా పెట్టుకుంటున్న సూదే కదా?" అంది. "వయసు," అన్నాను.

చర్చిలో మూడో వరసలో కూర్చున్నాం. గుమ్మం దగ్గర తెల్ల చేతి తొడుగులు వేసుకున్న ఆవిడ కాగితాలు పంచింది. రొషెల్ తన కాగితం మడిచి సంచిలో పెట్టుకోబోయి, మళ్లీ ఏమనుకుందో తెరిచింది. నేను పాటల పుస్తకం తిరగేస్తున్నట్టు నటించాను. దాని వేలు ఆ పేజీ మీద కిందికి జరిగి ఒకచోట ఆగింది.

"అమ్మా."

"ఊఁ."

"ఇది నువ్వేనా?"

"పాట మొదలవుతోంది, లేచి నిలబడు."

"పాట తర్వాత. ఇది నువ్వేనా అని అడిగాను."

"నేనే."

అది పెద్దగా ఏమీ అనలేదు. పెదవులు కదలకుండా, ముందుకు చూస్తూ, "నువ్వు నన్ను అడగలేదు. పిల్లని అడగలేదు. వంటశాలలో ఈ పూట కూరేంటో రాసినట్టు రాయించేశావ్," అంది. అందరూ పాడుతున్నారు. నేనూ నోరు కదిపాను.

పాదిరిగారు రెవరెండ్ పెటీ పిల్లల్ని పిలిచారు. అయిదుగురు. నీలం గౌన్లలో నడుచుకుంటూ ముందుకు వచ్చారు. తమియా నాలుగోది. అందరి చేతుల్లోనూ ఆ కాగితం ఉంది. దాని చేతిలోనూ ఉంది. అది చదివిందని దాని నడకలోనే తెలిసింది, నా వైపు చూడలేదు.

మొదటి ముగ్గురూ చెప్పారు. ఒకడు సైన్యంలోకి, ఒకతె నర్సు చదువుకి, ఒకడు టాలివర్‌కి. టాలివర్ అనగానే చర్చి సగం లేచింది. మాలో సగం మంది అక్కడే చదివారు, మిగతా సగం నా చేతి వంట తిన్నారు. చప్పట్లు, "అద్గదీ" అని కేకలు. ఆ చప్పట్లు ఆగక ముందే చాలామంది మా వైపు తిరిగి నవ్వుతున్నారు, తర్వాత చెప్పే పేరు కూడా తమ టాలివరేనని. నేను కాగితంతో విసురుకున్నాను.

తమియా మైకు దగ్గరికి వచ్చింది. కాగితం రెండు మడతలు పెట్టింది.

"నేను తమియా రొషెల్ గేదర్స్," అంది. "ఇందులో ఒక పేరు వేశారు. ఎవరు వేశారో నాకు తెలుసు. ఆవిడ మీద నాకు కోపం లేదు. కొంచెం ఉంది."

నవ్వులు. వెనక బెంచీలోంచి ఒక పెద్దాయన, "నిదానంగా చెప్పు బిడ్డా," అన్నాడు.

"నేను వెళ్లేది అక్కడికి కాదు."

నా పక్కన రొషెల్ ఊపిరి తీసుకుంది. దాని చెయ్యి నా చెయ్యి మీద పడింది. తను గెలిచాననుకుంది, నా మీద జాలిపడి పట్టుకుంది. ఆ ఒక్క క్షణం నేను ఓడిపోయాననే అనుకున్నాను.

"యూనివర్సిటీకి కూడా కాదు," అంది తమియా. "నేను అలబామాలో మాబ్రీకి వెళ్తున్నాను. పశువుల డాక్టరు చదువుకి."

ఇక్కడ మీకు మాబ్రీ గురించి చెప్పాలి. అదీ మా నల్లవాళ్ల కాలేజే. అక్కడ చదివేదీ మా బంధువుల పిల్లలే. కాని ప్రతి నవంబరులో ఫుట్‌బాల్ ఆటలో టాలివర్‌కీ మాబ్రీకీ మధ్య జరిగేది ఆట కాదు. భార్య మాబ్రీ, భర్త టాలివర్ అయిన ఇళ్లలో ఆ వారం రెండు గదుల్లో పడుకుంటారు. వాళ్ల రంగు ఆకుపచ్చ. ఆ వారమంతా నేను వంటశాలలో ఆకుపచ్చది ఏదీ వండేదాన్ని కాదు. కొలార్డ్ ఆకు లేదు, చిక్కుడు లేదు. కాలేజీ ప్రెసిడెంటు స్వయంగా వచ్చి అడిగితే, "శనివారం ఆట అయ్యాక రండి" అన్నాను. ఈ కథ ఇంట్లో తమియాకి ఊయలలో ఉన్నప్పటినుంచీ చెప్పి నవ్వించినదాన్ని నేనే.

చర్చి మొత్తం ఒక్కసారి "ఊఁ..." అంది. కడుపులో గుద్దినట్టు. తర్వాత నవ్వులు మొదలయ్యాయి.

"బయట కారుందా పాపకి, పారిపోవడానికి?" అన్నాడెవరో.

"ఎర్లీన్‌ని పట్టుకోండి, పడిపోతుంది," అంది లునెట్ వెనకనుంచి.

రెవరెండ్ పెటీ టాలివర్ మనిషే. గుండె మీద చెయ్యి వేసుకుని, "బిడ్డా, ఈ చర్చి అందరినీ క్షమిస్తుంది. కొందరికి కాస్త సమయం పడుతుంది," అన్నారు. పెద్దమ్మల్లో ఒకావిడ, "దుప్పటికి ఆకుపచ్చ గుడ్డ ఎవరు కొంటారో చెప్పండి, నేను మాత్రం కొనను," అంది. అంటూనే చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను. రొషెల్ ఒక్కతే కొట్టలేదు. దాని చెయ్యి ఇప్పుడు నా చేతి మీద లేదు.

ఆరాధన ముగిశాక చర్చి కింది గదిలో భోజనాలు పెట్టారు. రొషెల్ కిందికి దిగలేదు. తిన్నగా కారు దగ్గరికి వెళ్లి లోపల కూర్చుని తలుపులు మూసుకుంది. నేను తమియాని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"ఎప్పుడు చూశావే ఆ మాబ్రీని?"

"ఫిబ్రవరిలో. బ్యాండ్ పోటీ అని వెళ్లాను కదా, పోటీ అక్కడే. మా సార్‌ని అడిగి పశువుల కొట్టం చూశాను. ఆవు ఈనుతోంది అమ్మమ్మా. అక్కడి ప్రొఫెసరమ్మ నా పేరడిగింది, మీవాళ్లెవరు అని అడిగింది, చేతికి తొడుగిచ్చి ఇలా రా అంది. గంటసేపు అక్కడే ఉన్నాను."

"మరి యూనివర్సిటీకి మీ అమ్మతో వెళ్లావుగా?"

"మూడొందల మందితో కలిపి తిప్పారు. చూపించే అమ్మాయి చాలా మంచిది. నన్ను పక్కకి పిలిచి, మీలాంటివాళ్ల కోసం ఇక్కడ ప్రత్యేకంగా ఒక ఆఫీసుంది, భయపడకు అంది. నేను భయపడుతున్నానని తనకెవరు చెప్పారు?"

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

అది కాళ్ల వైపు చూసుకుంది. "అమ్మకి అసలు మన నల్లవాళ్ల కాలేజే వద్దు. నీకు టాలివర్ కాకపోతే వద్దు. ఎవరికని చెప్పను?"

మూడు వారాలూ పిల్ల తల్లికి భయపడుతోందనుకుని తిరిగాను. అది నాకూ భయపడింది. తలెత్తి నా మీదకి రాగలిగితే చాలని ఎంతోమంది పిల్లల్ని కనిపెట్టుకుని చూసిన నాకు, నా ఇంట్లో పిల్ల తల దించుకుని మెట్లెక్కి పోతుంటే కనపడలేదు.

"ఆ పేరు వేయించడం తప్పు," అన్నాను. "నిన్నడగాల్సింది."

"అవును," అంది. అలా అనేసింది, వద్దులే అమ్మమ్మా అనలేదు. నాకు అదే నచ్చింది.

ఇద్దరం కారు దగ్గరికి వెళ్లాం. రొషెల్ అద్దం దించింది. ఏడ్చినట్టు లేదు, ఏడవనందుకే మొహం బిగుసుకుపోయి ఉంది.

"ఎంత దూరం?" అంది తమియాతో.

"నాలుగ్గంటలు. కొంచెం ఎక్కువ."

"బుధవారం లోగా నా సంతకం కావాలి కదా. చూడకుండా నేను దేని మీదా పెట్టను. ఎక్కండి."

"ఇప్పుడా?" అన్నాను. "భోజనం..."

"అమ్మా, నువ్వు ఎక్కుతావా, లునెట్ ఇంటికి వెళ్తావా?"

ఎక్కాను. టోపీ తగలకుండా తల వంచి వెనక కూర్చున్నాను. తమియా గౌను తీయకుండానే ముందు కూర్చుంది. హార్లో దాటాక రొషెల్ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆడపిల్లల హాస్టలు గేటు ఎన్నింటికి మూస్తారు. జ్వరమొస్తే ఎవరు చూస్తారు. ఆ ప్రొఫెసరమ్మ పేరేంటి. ఒక్కొక్కటీ కౌంటీ ఆఫీసులో ఫారం నింపుతున్నట్టు అడిగింది. తమియా అన్నిటికీ జవాబు చెప్పింది. తెలియనివి తెలియదంది.

పెట్రోలు కోసం ఆగినప్పుడు తమియానే దిగి ట్యాంకుకి గొట్టం పెట్టి వచ్చింది, రొషెల్ దిగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"చదువయ్యాక ఎక్కడో ఒక గదిలో కూర్చుంటావ్," అంది. "ఎవడో నీ కాగితం చూసి, మాబ్రీనా, అదెక్కడుంది అంటాడు. అందరూ నవ్వుతారు. అప్పుడేం చేస్తావ్?"

"నువ్వేమన్నావ్?" అంది తమియా.

"ఏమిటి?"

"నిన్ను అడిగినప్పుడు. నువ్వేమన్నావ్ ఆయనతో?"

నేను వెనక సీట్లోంచి ముందుకి వంగాను. ఇన్నేళ్లలో ఆ సంగతి నేను అడగలేదు. అతను ఏమన్నాడో వందసార్లు విన్నాను.

"ఏమీ అనలేదు," అంది రొషెల్. "నేనూ నవ్వాను."

పెట్రోలు పోసే గొట్టం టక్కుమని ఆగింది. తమియా దాన్ని తీయడానికి దిగలేదు.

"నవ్వి ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. అప్పటినుంచీ ఏమని ఉండాల్సిందో అనుకుంటూనే ఉన్నాను. స్నానం చేస్తూ అనుకుంటాను. పొద్దున కూడా అనుకున్నాను."

"అవే నాకు చెప్పు," అంది తమియా. "నాకు పనికొస్తాయి."

రొషెల్ దాని వైపు చూసింది. తనే దిగి గొట్టం తీసి దాని చోట తగిలించి వచ్చింది. బెల్టు పెట్టుకుంది. రోడ్డెక్కాక గొంతు సవరించుకుని, "మొదటిది," అంది. "టాలివర్ ఎక్కడుందో మీకు తెలియదా సార్, మీ మూడో అంతస్తు లెక్కలన్నీ అక్కడివాళ్లే సరిచేస్తున్నారే అని ఉండాల్సింది."

"బాగుంది," అంది తమియా. "కొంచెం పొడుగు."

"రెండోది చిన్నదే. ఆదివారం బడే సార్, మీరు కూడా వస్తే మర్యాద నేర్పుతారు."

నేను నవ్వేశాను. రొషెల్ అద్దంలోంచి నన్ను చూసింది, నవ్వలేదు, కాని ఆపలేదు. మూడోది చెప్పింది. నాలుగోది చెప్పేసరికి గొంతు పెరిగింది, అయిదోది పాదిరిగారి ముందు అనగలిగేది కాదు. కారు కూడా దాని గొంతుతోపాటే వేగం పెంచింది. పైన్ చెట్లు రెండు పక్కలా గీతల్లా పోతున్నాయి.

"నెమ్మదే రొషెల్," అన్నాను.

"ఆగమ్మా," అంది. "ఇంకా చాలా ఉన్నాయి."